పాసుతో ప్రయాణం, పాయింట్లతో బస

రైల్వే కుటుంబం ఊరు బయల్దేరాలనుకుంటే ముందు చూసేది టికెట్ ధర కాదు. సెలవు దొరుకుతుందా, పాసులు ఎన్ని మిగిలాయి అన్నదే మొదటి ప్రశ్న. రాయ్‌పుర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఉంటున్నవాళ్లకు ఇది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. వ్యాగన్ రిపేర్ షాపులో పనిచేసే గ్రూప్-సి ఉద్యోగికి ఐదేళ్ల సర్వీసు నిండితే ఏడాదికి మూడు సెట్ల ప్రివిలేజ్ పాసులు, వాటిపైన తక్కువ ఛార్జీతో టికెట్ కొనుక్కునే పీటీఓలు నాలుగు సెట్లు వస్తాయి. 2020 నుంచి ఈ-పాసు వచ్చింది కాబట్టి ఆఫీసులో కాగితం పట్టుకుని తిరిగే పని కూడా తగ్గింది. బండి ఖర్చు అలా చాలావరకు తేలిపోతుంది. దిగిన స్టేషన్లో మొదలయ్యేదే అసలు ఖర్చు. అది గది అద్దె.

అందుకే హోటల్ పాయింట్ల గురించి, హోటల్ కార్డుల గురించి తెలుసుకోవలసిన అవసరం మిగతావాళ్ల కన్నా రైల్వే కుటుంబానికే ఎక్కువ. టికెట్ల మీద రాయితీ ఇచ్చే కార్డు పాసు ఉన్న ఇంటికి పెద్దగా ఉపయోగపడదు. గది అద్దె తగ్గించేది ఉంటే అది నేరుగా జేబుకు తెలుస్తుంది. కానీ ఈ కార్డుల ప్రకటనలన్నీ నెలకు లక్షలు ఖర్చుపెట్టేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. వాటిని ఉన్నదున్నట్టు నమ్మి కార్డు తీసుకుంటే ఆదాకు బదులు అప్పు మిగులుతుంది.

ఈ అధ్యాయం చెప్పేది ఒక్క వరుస గురించి. ముందు ప్రయాణం, తర్వాత హోటల్, ఆఖరున కార్డు. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ఎవరో ఫోన్ చేశారని కార్డు తీసుకుంటారు, పాయింట్ల కోసం ఖర్చు పెంచుతారు, పాయింట్లు పోతాయన్న భయంతో అవసరం లేని చోటికి వెళ్తారు. ఆ వరుసలో లాభం బ్యాంకుది, హోటల్‌ది. మనం చెప్పుకునే వరుసలో లాభం మీ ఇంటిది.

మొదటి మెట్టు: ఏడాది బసల లెక్క

ఒక నోటు పుస్తకం తీసుకోండి. గడిచిన రెండేళ్లలో మీ కుటుంబం ఇల్లు దాటి నిద్రపోయిన రాత్రులన్నీ రాయండి. ఎక్కడ, ఎన్ని రాత్రులు, ఎంత ఇచ్చారు అన్నవి మూడు గళ్లలో ఉండాలి.

డబ్ల్యూఆర్ఎస్ కాలనీలోని తెలుగు ఇంట్లో ఈ జాబితా ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. 1931లో రాయ్‌పుర్–విజయనగరం లైను పూర్తయిన దగ్గర్నుంచి మన రాకపోకలకు అదే దారి. పార్వతీపురం, బొబ్బిలి మీదుగా సొంత ఊళ్లకు వెళ్తాం. పెళ్లి, పండగ, చావు, పుట్టుక, అన్నింటికీ బంధువుల ఇళ్లే బస. సింహాచలం అప్పన్న దర్శనం, విశాఖ బీచ్ ఒక యాత్ర. తిరుమల ఒకటి. పూరీ ఒకటి. పిల్లల పరీక్షకో, ఉద్యోగంలో చేర్పించడానికో, పెద్దవాళ్లను ఆసుపత్రిలో చూపించడానికో హైదరాబాదు.

ఇప్పుడు ఆ జాబితాలో హోటల్ అక్కర్లేని రాత్రులను కొట్టేయండి. బంధువుల ఇంట్లో పడుకున్నవి మొదట పోతాయి. తిరుమల కొండ మీద దేవస్థానం గదులు హోటల్ ధరలతో పోల్చలేనంత చౌక, ముందుగా ఆన్‌లైన్లో బుక్ చేసుకుంటే అక్కడ పాయింట్లతో పనే లేదు. పూరీలో రైల్వే హాలిడే హోమ్ ఉంది. ఉద్యోగికి అక్కడ పడే అద్దె నామమాత్రం. తెల్లవారుజామున దిగి సాయంత్రానికి మళ్లీ బండెక్కే ప్రయాణాలకు స్టేషన్లోని రిటైరింగ్ రూమ్ చాలు. కన్ఫర్మ్ అయిన పీఎన్‌ఆర్ ఉంటే ఐఆర్‌సీటీసీలోనే అది దొరుకుతుంది.

వీటన్నింటినీ కొట్టేశాక మిగిలినవే హోటల్ తప్పని రాత్రులు. జాబితా రెండేళ్లది కాబట్టి ఆ అంకెను రెండుతో భాగించి, వచ్చినదాని చుట్టూ ఒక గీత గీయండి. ఏడాదికి ఒకటో రెండో మిగిలితే ఫీజు కట్టే హోటల్ కార్డు మీకు దాదాపుగా అవసరం లేదు. మూడు, నాలుగు, అంతకు మించి ఉంటే ముందుకు చదవండి. అంకె ఎంతైనా సరే, రెండో మెట్టు మాత్రం అందరికీ పనికొస్తుంది, ఎందుకంటే దానికి పైసా ఖర్చు లేదు.

రెండో మెట్టు: కార్డు లేకుండానే సభ్యత్వం

హోటల్ పాయింట్లకు, క్రెడిట్ కార్డుకు ముడి తప్పనిసరి కాదు. అమెరికాలో హాలిడే ఇన్, మారియట్ 1983లో ఈ పద్ధతి మొదలుపెట్టినప్పుడు ఆలోచన చాలా మామూలుది. మా దగ్గరికే మళ్లీ మళ్లీ రండి, కొన్నాళ్లకు ఒక రాత్రి ఉచితంగా ఉండండి అన్నారు. ఇప్పటికీ మూలం అదే. మారియట్ బాన్‌వాయ్, వరల్డ్ ఆఫ్ హయత్, అకార్ వారి ఆల్, ఐహెచ్‌జీ వన్ రివార్డ్స్, హిల్టన్ ఆనర్స్, అన్నింట్లో సభ్యత్వం ఉచితం. టాటా వారి తాజ్, వివాంతా, జింజర్ హోటళ్లకు న్యూపాస్ సభ్యత్వం ఉంది, అదీ ఉచితమే.

ఇవి మనకు అందనంత దూరంలో ఉన్న హోటళ్లు కూడా కావు. రాయ్‌పుర్‌లోనే కోర్ట్‌యార్డ్ బై మారియట్, హయత్ ఉన్నాయి. విశాఖ బీచ్ రోడ్డులో నోవోటెల్ ఉంది, అది అకార్ కిందికి వస్తుంది. విజయవాడలోనూ నోవోటెల్ ఉంది. హైదరాబాదు ట్యాంక్‌బండ్ దగ్గర మారియట్, దాని పక్కనే కోర్ట్‌యార్డ్ ఉన్నాయి. వీటిలో ఏడాదికి ఒక్క రాత్రి ఉన్నా, సభ్యత్వం సంఖ్య ఇచ్చి ఉంటే పాయింట్లు మీ ఖాతాలో పడతాయి. సభ్యులకు మాత్రమే చూపించే కొంచెం తక్కువ ధర కూడా చాలాసార్లు దొరుకుతుంది.

ఇక్కడ గట్టిగా గుర్తుంచుకోవలసిన నియమం ఒకటుంది. హోటల్ సొంత యాప్‌లోనో వెబ్‌సైట్లోనో బుక్ చేస్తేనే పాయింట్లు వస్తాయి. మేక్‌మైట్రిప్, గోఐబిబో, బుకింగ్ డాట్ కామ్ లాంటి వాటిల్లో బుక్ చేస్తే సాధారణంగా రావు. అలాగని ప్రతిసారీ హోటల్ సైట్లోనే బుక్ చేయాలని కాదు. బయటి యాప్‌లో ధర బాగా తక్కువ ఉంటే, మీకు రాబోయే పాయింట్ల విలువ కన్నా ఆ తేడా ఎక్కువైతే, బయటే బుక్ చేయండి. చేతికి వచ్చే తగ్గింపు రేపు వస్తుందన్న పాయింటు కన్నా ఎప్పుడూ గట్టిది.

మూడో మెట్టు: పాయింటును పైసల్లోకి మార్చడం

పాయింట్ల సంఖ్య చూసి మోసపోకండి. 10,000 పాయింట్లు ఒక చోట 6,000 రూపాయలు కావచ్చు, ఇంకో చోట 2,000 కూడా కాకపోవచ్చు. ఒక పాయింటు ఎన్ని పైసలు అన్నదే మనకు కావలసిన లెక్క. అదెలా వేయాలో చూడండి.

మీరు ఉండాలనుకున్న తేదీకి గది ధరను పన్నుతో కలిపి చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రాత్రికి 7,500 రూపాయల వరకు ఉన్న గదికి 5 శాతం, అది దాటితే 18 శాతం జీఎస్టీ. ఆ మొత్తాన్ని, అదే గదికి హోటల్ అడుగుతున్న పాయింట్లతో భాగించండి. గది 6,000, పన్నుతో 6,300 అనుకుందాం. దానికి 10,000 పాయింట్లు అడిగితే ఒక్కో పాయింటు 63 పైసలు. అదే గది వర్షాకాలంలో పన్నుతో 4,200 అయి, పాయింట్లు మాత్రం 10,000 దగ్గరే ఉంటే ఒక్కోటి 42 పైసలే. మొదటి సందర్భంలో పాయింట్లు వాడండి. రెండోసారి డబ్బు కట్టి పాయింట్లు దాచుకోండి.

అకార్ పద్ధతి వేరు. అక్కడ 2,000 పాయింట్లకు 40 యూరోల తగ్గింపు, ఏ హోటల్లోనైనా, ఏ రోజైనా అంతే. లెక్క తేలిక, ఆశ్చర్యాలు ఉండవు. మారియట్‌లో అలా కాదు. 2022 మార్చి నుంచి వాళ్లు స్థిరమైన పట్టికను తీసేసి, గిరాకీని బట్టి పాయింట్ల ధర మారే పద్ధతి పెట్టారు. కాబట్టి దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లో డబ్బు ధరతోపాటు పాయింట్ల ధర కూడా పైకి పోవచ్చు. దసరాకు రావణ దహనం చూడటానికి రాయ్‌పుర్ అంతా మన కాలనీ మైదానానికే వస్తుంది. ఆ సెలవుల్లోనే మనం విశాఖ బయల్దేరితే గది ఖరీదైన రోజుల్లో దిగుతాం. ఒక వారం అటో ఇటో జరిపితే అవే పాయింట్లతో రెండు రాత్రులు గడవవచ్చు. సెలవు పెట్టే ముందు తేదీలు మార్చి మార్చి చూడండి. పాయింట్లలో ఎక్కువ లాభం తెచ్చే పని ఇదే.

ఈ లెక్కకు ఇంకో ముఖ్యమైన సవరణ ఉంది. దాదాపు అందరూ మరిచిపోయేది అదే. పాయింట్ల విలువను హోటల్ ధరతో కాదు, పాయింట్లు లేకపోతే మీరు నిజంగా ఎంత ఇచ్చి ఉండేవారో దానితో పోల్చాలి. మీరు మామూలుగా 2,000 రూపాయల లాడ్జిలో దిగేవారైతే, 7,000 రూపాయల గదిలో ఉచితంగా ఉన్నందువల్ల మీకు మిగిలింది 2,000 మాత్రమే. మిగతాది సుఖం. ఆ సుఖాన్ని కోరుకోవడంలో తప్పేమీ లేదు. ఏళ్ల తరబడి షాపులో కష్టపడిన మనిషి సముద్రం కనిపించే గదిలో ఒక రాత్రి ఉండాలనుకోవడం న్యాయమైన కోరికే. కానీ దాన్ని ఆదా అనే గళ్లో రాయకండి, సరదా అనే గళ్లో రాయండి. రెండూ కలిపేస్తే లెక్క చెడుతుంది.

నాలుగో మెట్టు: కార్డును పరీక్షించడం

భారతదేశంలో హోటల్ పేరుతో వచ్చిన కార్డుల్లో బాగా తెలిసినది మారియట్ బాన్‌వాయ్ హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ కార్డు. 2023 ఆగస్టులో విడుదలైంది. అప్పటి నిబంధనల ప్రకారం ఏడాది ఫీజు 3,000, జీఎస్టీతో 3,540. దానికి బదులుగా ఏటా ఒక ఉచిత రాత్రి ఇస్తారు, 15,000 పాయింట్ల వరకు ధర ఉన్న గదికి. ఖర్చు మీద పాయింట్లు ఇలా వస్తాయి. మారియట్ హోటళ్లలో ప్రతి 150 రూపాయలకు 8, ప్రయాణం, రెస్టారెంట్లు, వినోదం మీద 4, మిగతా ఖర్చు మీద 2.

ఇంటి ఖర్చు నెలకు 20,000 ఈ కార్డు మీద పెట్టారనుకుందాం. అన్నీ మామూలు ఖర్చులే అయితే ఏడాదికి 3,200 పాయింట్లు వస్తాయి. ఒక్కోటి 60 పైసలుగా లెక్కిస్తే 1,920 రూపాయలు. అదే 2,40,000 ఖర్చు మీద ఒక శాతం క్యాష్‌బ్యాక్ ఇచ్చే సాదా కార్డు వాడి ఉంటే 2,400 వచ్చేది. అంటే మన జీతాల స్థాయిలో హోటల్ కార్డు మీద ఇంటి సరుకులు కొనడం లాభం కాదు. ఈ కార్డు విలువ దాదాపు మొత్తం ఆ ఉచిత రాత్రిలోనే ఉంది. పైగా ఇది డైనర్స్ క్లబ్ నెట్‌వర్క్ మీద నడిచేది, చిన్న దుకాణాల్లో అన్నిచోట్లా తీసుకోరు.

కాబట్టి ప్రశ్న ఇలా అడగండి: 3,540 ఇచ్చి ఒక రాత్రిని కొంటున్నాను, ఆ రాత్రి నాకు ఎంత? మీరు ఎలాగూ డబ్బు కట్టి ఉండబోయే గది పన్నుతో 7,350 అయితే 3,810 మిగిలింది. 4,725 అయితే మిగిలేది 1,185. 3,360 అయితే 180 నష్టం. ఆ ఉచిత రాత్రికి గడువు ఒక ఏడాది. వాడకపోతే 3,540 పూర్తిగా పోయినట్టే.

ఒక్క ఉచిత రాత్రిలో దాగిన ఖర్చు ఇంకొకటి ఉంది. మన యాత్రలు సాధారణంగా రెండు మూడు రాత్రులవి. మొదటి రాత్రి ఉచితమని ఖరీదైన హోటల్లో దిగితే, రెండో రాత్రికి సామాను సర్దుకుని వేరే చోటికి వెళ్లడం బద్ధకమనిపించి అక్కడే పూర్తి ధర కడతాం. ఆ ఒక్క నిర్ణయంతో ఆదా అంతా ఆవిరైపోతుంది. దీనికి విరుగుడు, ఉచిత రాత్రిని ఒక్క రాత్రి మాత్రమే అవసరమయ్యే ప్రయాణానికి వాడటం. హైదరాబాదులో పరీక్ష ముందురోజు రాత్రి, పెళ్లికి వెళ్తూ మధ్యలో ఆగే రాత్రి అలాంటివి. లేదా యాత్ర మొదటి రోజులు మామూలు గదిలో ఉండి, చివరి రాత్రిని మంచి హోటల్‌కు కేటాయించండి.

రెండో రకం కార్డు టాటా న్యూ హెచ్‌డీఎఫ్‌సీ. ఇందులో ప్లస్ కార్డు ఏడాది ఫీజు 499, జీఎస్టీ అదనం. ఏడాదిలో లక్ష రూపాయలు ఖర్చుపెడితే ఆ ఫీజు మాఫీ. మామూలు ఖర్చు మీద ఒక శాతం, టాటా బ్రాండ్ల మీద రెండు శాతం న్యూకాయిన్లు వస్తాయి. ఒక న్యూకాయిన్ విలువ ఒక రూపాయి, ఇందులో ఊహకు చోటు లేదు. ఆ కాయిన్లతో జింజర్, వివాంతా, తాజ్ గదులకు కట్టవచ్చు. హోటల్‌కు వెళ్లని ఏడాది బిగ్‌బాస్కెట్లో సరుకులకో, క్రోమాలో ఫ్యానుకో వాడుకోవచ్చు. బసలు తక్కువగా ఉన్న కుటుంబానికి ఈ వెసులుబాటు చాలా పెద్దది. నా సలహా ఇదే: ఏడాదికి నాలుగు హోటల్ రాత్రులు లేని ఇంటికి, ఒకే హోటల్‌కు కట్టిపడేసే కార్డు కన్నా, రూపాయికి రూపాయిగా చెల్లే కార్డు మేలు.

ఏ కార్డయినా పెట్రోలు, వాలెట్లో వేసే డబ్బు, అద్దె, ప్రభుత్వ చెల్లింపుల మీద సాధారణంగా పాయింట్లు ఇవ్వరు. షరతుల కాగితంలో ఆ పేజీని ముందు చదవండి. మీ ఖర్చులో సగం వాటిదే అయితే ప్రకటనలోని శాతం మీకు వర్తించదు.

బ్యాంకు పాయింట్లను హోటల్ పాయింట్లుగా మార్చుకునే కార్డులూ ఉన్నాయి. వాటి విషయంలో రెండు జాగ్రత్తలు. ఒకసారి హోటల్ ఖాతాకు పంపిన పాయింట్లు తిరిగి బ్యాంకుకు రావు కాబట్టి, గది ఖాళీ ఉందని చూసిన తర్వాతే పంపండి. మార్చుకోవడానికే రుసుము ఉండవచ్చు. యాక్సిస్ బ్యాంకు 2024 డిసెంబరు 20 నుంచి ఇలాంటి బదిలీకి 199 రూపాయలు, దానిపై పన్ను వసూలు చేయడం మొదలుపెట్టింది. చిన్న మొత్తాలు పదేపదే పంపకుండా, ఒకేసారి పంపితే ఆ ఖర్చు తగ్గుతుంది.

ఐదో మెట్టు: గదిలో అడుగుపెట్టే రోజు

పాయింట్లతో బుక్ చేసిన గది కూడా గదే. దాని నియమాలు మన ప్రయాణ వేళలతో సరిపోవాలి.

హోటళ్లలో చెక్-ఇన్ మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు. మన బండ్లు ఎక్కువగా రాత్రంతా నడిచి పొద్దున్నే దింపుతాయి. ఏడు గంటలకు విశాఖలో దిగితే మధ్యాహ్నం దాకా లాబీలో కూర్చోవాలి, లేదా అదనంగా కట్టాలి. 2024 సెప్టెంబరులో మొదలైన దుర్గ్–విశాఖపట్నం వందే భారత్ ఉదయం బయల్దేరి మధ్యాహ్నానికి చేరుస్తుంది. హోటల్ వేళకు అది బాగా కుదురుతుంది. మీ పాసుకు ఆ బండిలో అర్హత ఎంతవరకు ఉందో బుక్ చేసే ముందు చూసుకోండి. రాత్రి బండే అయితే సామాను క్లోక్‌రూమ్‌లో పెట్టి ముందు సింహాచలం వెళ్లి రండి. దర్శనం అయ్యేసరికి గది సిద్ధంగా ఉంటుంది.

ఒక గదిలో ఎందరుండవచ్చో ముందే అడగండి. ఉచిత రాత్రి అంటే ఒక గది. సాధారణంగా ఇద్దరు పెద్దలు, ఒక చిన్నపిల్ల. అత్తమామలు, ఇద్దరు పిల్లలతో వెళ్తే రెండో గది కావాలి, దాని ధర పూర్తిగా మీదే. టిఫిను కలిసి ఉందో లేదో కూడా అడగండి. పెద్ద హోటల్లో నలుగురి టిఫిను బిల్లు ఒక్కోసారి బయటి లాడ్జి గది అద్దెను దాటిపోతుంది. లేదని తెలిస్తే ముందురోజే బయట మంచి టిఫిను హోటల్ చూసుకోవచ్చు.

మనవాళ్లకు పాయింట్ల బుకింగ్‌లో నచ్చాల్సిన గుణం ఒకటుంది. చాలా హోటళ్లలో వచ్చే తేదీకి ఒకటి రెండు రోజుల ముందు వరకు రద్దు చేసుకుంటే పాయింట్లు మొత్తం తిరిగి వస్తాయి. బెర్త్ వెయిటింగ్‌లోనే మిగిలినా, మంజూరైన సెలవు ఆఖరి నిమిషంలో ఆగినా నష్టం లేదు. చౌకగా దొరికే, డబ్బు తిరిగిరాని గదిని షాపు ఉద్యోగి బుక్ చేసుకోవడం ప్రమాదం. సెలవు ఖాయం కాని ప్రయాణాలకు పాయింట్లు, ఖాయమైన వాటికి డబ్బు. ఈ ఒక్క అలవాటు చాలా నష్టాన్ని తప్పిస్తుంది. రద్దు గడువు ఎప్పుడో ఫోన్లో అలారం పెట్టుకోవడం మరిచిపోకండి.

ఆరో మెట్టు: అప్పు గీత దాటకపోవడం

క్రెడిట్ కార్డు తెలుగువాళ్లకు కొత్త కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే కార్డులు ఇచ్చింది, దేశంలో ఆ పని చేసిన తొలి బ్యాంకుల్లో అదొకటి. అప్పుడూ ఇప్పుడూ కార్డు స్వభావం ఒకటే. బిల్లు మొత్తం గడువులోగా కడితే వడ్డీ లేని చేబదులు. కట్టకపోతే బజారులో దొరికే అప్పుల్లో అత్యంత ఖరీదైన వాటిలో ఒకటి.

చాలా కార్డుల మీద వడ్డీ నెలకు 3 నుంచి 3.75 శాతం, అంటే ఏడాదికి 36 నుంచి 45 శాతం. ఏడాదికి 30 శాతం మించకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టేసింది. కాబట్టి ఆ పరిమితి ఇక లేదు. 40,000 బాకీ మీద నెలకు 3.6 శాతం అంటే 1,440, వడ్డీపై జీఎస్టీ కలిపితే దాదాపు 1,700. ఒకసారి బాకీ మిగిల్చితే కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని గడువు పోతుంది. పైన లెక్కలో ఉచిత రాత్రితో మిగిలిన 3,810ని ఇలాంటి రెండు మూడు నెలలు తినేస్తాయి. బిల్లు మీద కనిపించే కనీస చెల్లింపు అనే అంకె మీ కోసం పెట్టినది కాదు. దాన్ని చూడనట్టే వదిలేయండి. జీతం ఖాతా నుంచి పూర్తి బిల్లు దానంతట అదే కట్టుబడిపోయేలా ఆటో-పే పెట్టండి. పెట్టలేని స్థితి ఉంటే, ఇంట్లో ఇప్పటికే కార్డు బాకీ ఉంటే, ఈ అధ్యాయంలో మీకు వర్తించేవి మొదటి మూడు మెట్లే. బాకీ తీర్చడమే మీకు దొరికే అతి పెద్ద రివార్డు.

మీ హక్కులూ తెలుసుకోండి. 2022 జులై 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం అడగకుండా కార్డు ఇవ్వకూడదు. బాకీ లేని కార్డును మూసేయమని అడిగితే ఏడు పనిరోజుల్లో మూయాలి. మూయకపోతే రోజుకు 500 రూపాయలు బ్యాంకే మీకు ఇవ్వాలి. ఫీజు పడే నెలకు ముందు ఒకసారి లెక్క వేసి, గత ఏడాది లాభం ఫీజుకు మించకపోతే నిర్మొహమాటంగా మూసేయండి. మూసే ముందు పాయింట్లు వాడేయండి.

పాయింట్లను ఫిక్స్‌డ్ డిపాజిట్‌లా దాచుకోకూడదు. వాటికి వడ్డీ రాదు, విలువను కంపెనీ ఎప్పుడైనా తగ్గించవచ్చు. మారియట్, హిల్టన్, హయత్‌లలో 24 నెలలు, అకార్‌లో 365 రోజులు ఏ కదలికా లేకపోతే పోతాయి. ఏడాది రెండేళ్లలో వాడే ప్రయాణం కనిపించనప్పుడు పాయింట్లు పోగుచేయకండి. రాయితీ అని చెప్పి హోటళ్లు అమ్మే పాయింట్లను డబ్బుపెట్టి కొనకండి.

పిల్లలు విదేశాల్లో ఉంటే

కాలనీ నుంచి చదువుకుని వెళ్లిన పిల్లలు అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న ఇళ్లు ఉన్నాయి. అమెరికా కార్డుల మీద పాయింట్లు మన దగ్గరకన్నా చాలా ఎక్కువగా వస్తాయి. అక్కడి హోటల్ గది కన్నా మన ఊళ్లలో గదికి అడిగే పాయింట్లు తరచుగా తక్కువ. కాబట్టి కొడుకో కూతురో అక్కడ కూడబెట్టిన పాయింట్లతో తల్లిదండ్రులకు ఇక్కడ గది బుక్ చేయడం మంచి వాడకం. మారియట్‌లో ఒక సభ్యుడు ఏడాదికి 1,00,000 పాయింట్ల వరకు వేరొకరి ఖాతాకు పంపవచ్చు. హిల్టన్‌లో కుటుంబ సభ్యులు పాయింట్లను ఒకచోట కలుపుకోవచ్చు. గది మాత్రం ఉండబోయేవాళ్ల పేరు మీదే ఉండేలా హోటల్‌తో మాట్లాడి, ఆ నిర్ధారణ కాగితాన్ని, ఆధార్‌ను అమ్మానాన్నల చేతిలో పెట్టండి. రిసెప్షన్లో పెద్దవాళ్లు నిలబడి సంజాయిషీ చెప్పుకోవలసిన పరిస్థితి రానివ్వకండి. పిల్లలు పండక్కి చీర పంపినట్టే ఇదీ ఒక కానుక. అడగడానికి మొహమాటపడే తల్లిదండ్రులకు పిల్లలే ముందుగా చెప్పాలి.

ఈ నెలలో చేయవలసిన పనులు

ఒకటి. రెండేళ్ల బసల జాబితా రాసి, హోటల్ తప్పని రాత్రుల అంకె తేల్చండి.

రెండు. వచ్చే ప్రయాణం ఒక్కటి ఎంచుకోండి. ఆ ఊళ్లో హాలిడే హోమ్, రిటైరింగ్ రూమ్, దేవస్థానం గది దొరుకుతాయేమో ముందు చూడండి.

మూడు. అక్కడ మీకు నచ్చిన హోటల్ ఏ సంస్థదో తెలుసుకుని, దాని ఉచిత సభ్యత్వం తీసుకోండి. భార్యాభర్తల్లో ఒక్కరి పేరు మీదే పాయింట్లు పోగుచేయండి, రెండు ఖాతాల్లో చిల్లరగా మిగిలితే రెండూ పనికిరావు.

నాలుగు. అదే గదికి మూడు వేర్వేరు తేదీల్లో డబ్బు ధర, పాయింట్ల ధర రాసి, పాయింటుకు ఎన్ని పైసలో లెక్కగట్టండి.

ఐదు. గత మూడు నెలల కార్డు బిల్లులు పూర్తిగా కట్టారా చూడండి. ఒక్క నెలైనా బాకీ మిగిలి ఉంటే కొత్త కార్డు ఆలోచన ఆరు నెలలు వాయిదా వేయండి.

ఆరు. ఐదూ దాటాక కార్డు తీసుకోవాలనిపిస్తే, ఫీజు ఎంత, దాని మీద ఏ ప్రయాణంలో ఏ రాత్రి ఎంత మిగులుతుంది అన్నది ఒక్క వాక్యంలో రాయండి. ఆ వాక్యం రాయలేకపోతే దరఖాస్తు నింపకండి.

ఈ ఆరో పని ముఖ్యం, అందుకే చివర పెట్టాను. కార్డు అమ్మేవాళ్ల దగ్గర అందమైన కాగితాలు చాలా ఉంటాయి, మీ దగ్గర ఉండవలసింది ఆ ఒక్క వాక్యమే. పాసు మీకు ఉద్యోగం ఇచ్చిన హక్కు, దాన్ని ఎప్పుడు ఎటు వాడాలో ఇల్లంతా కూర్చుని ముందే ఆలోచించి ఖర్చుపెడతారు. గది కోసం పెట్టే ప్రతి రూపాయి మీద, ప్రతి పాయింటు మీద అదే శ్రద్ధ పెట్టండి. ఏడాదికి ఒకటి రెండు సార్లే దొరికే ఆ సెలవులు అప్పు భయం లేకుండా, ఇంట్లో అందరూ కలిసి గడపడానికి మించిన లాభం ఏ కార్డూ ఇవ్వలేదు.